చుక్క నీరు బయటికి పోకూడదన్న ఏడాది

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కొందరు పిల్లలు నన్ను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగారు. "పెద్ద కంపెనీలు పర్యావరణం గురించి పట్టించుకోవడం మీ కాలంలోనే కదండీ మొదలైంది, అసలు ఎందుకు మొదలుపెట్టాయి?" అని. వాళ్ళ కార్డుల మీద "సస్టెయినబిలిటీ" అని అచ్చేసి ఉంది. మా రోజుల్లో ఆ పని చేసేవాణ్ణి మురుగు ఆఫీసరు అనేవారు. ఆ ఆఫీసర్ని నేనే. సర్వీసులో ఎక్కువ భాగం ఆ పనిలోనే గడిచింది కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజం చెప్పాలంటే నాకు తెలీదు. తెలిసిపోయిందనుకున్న సందర్భాలు చాలా ఉన్నాయిగాని, ఒకదానికీ మరొకదానికీ పొత్తు కుదరదు. అందుకని జవాబు చెప్పడం మానేసి జరిగింది చెబుతాను. మీకేమైనా అర్థమైతే సంతోషం.

మా ఫ్యాక్టరీ కొరాపుట్‌కీ రాయగడకీ మధ్య, రైలు దారికి దగ్గరలో ఉండేది. జేకేపూర్ కాగితం మిల్లు కాదు, సునాబెడ ఫ్యాక్టరీ అసలే కాదు. ఏం తయారయ్యేదో చెబితే పేరు చెప్పేసినట్టే గనక అది వదిలేస్తున్నాను. సరుకు విశాఖ రేవులో ఓడెక్కి పరాయి దేశాలకి పోయేది. దాన్ని తయారు చెయ్యడానికి వాడిన నీళ్ళు మాత్రం వెనక గోడ కింద నుంచి కాలవలో పడి, పొలాల మధ్యగా పోయి ఏట్లో కలిసేవి.

తొంభైలలో నేను అక్కడ ల్యాబ్‌లో కెమిస్టుగా చేరాను. ల్యాబ్ పెద్దతో ఒకసారి మాటా మాటా పెరిగి, నన్ను "ఎన్విరాన్‌మెంట్ సెల్"కి బదిలీ చేశారు. అది క్యాంటీన్ వెనక ఒక గది. అక్కడికి పంపడమంటే శిక్ష అని అందరికీ తెలుసు. రాయగడలో మా నాన్నకి చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం. సంగతి విని ఆయన కొట్లో అందరి ముందూ, "అంత సదువూ సదివి ఆకరికి మురికి కాలవకి కాపలాయేట్రా?" అన్నాడు. గుమస్తాలు నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ గదిలో నాకంటే ముందే పాతుకుపోయిన ఒక పెద్దాయన ఉండేవాడు, మా సెక్షన్ సారు. బరంపురం మనిషి. ఇంట్లో ఒడియా, నోట్లో కిళ్ళీ, మాతో తనదైన తెలుగు. ఏం చెప్పినా ముందు "హఉ, హఉ" అని ఒప్పుకుని, తర్వాత కాదనేవాడు. ఆయన ప్రతి ఏడాదీ నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు కట్టాలని పైకి రాసేవాడు. ప్రతి ఏడాదీ పైవాళ్ళు వచ్చే ఏడాది చూద్దామని రాసేవారు.

మా దగ్గరికి వచ్చే మనుషులు ఎవరంటే, ఫిర్యాదు చేసేవాళ్ళే. అందరిలోకీ గట్టిది ఒకావిడ ఉండేది. ఆవిడ పుట్టిల్లు గుణుపురం దగ్గర. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వ్యవసాయం కుటుంబం. మెట్టింటివాళ్ళ భూమి మా కాలవ పక్కనే ఉంది. భర్త రాయగడలో తాపీ పని చేసుకునేవాడు, సేద్యమంతా ఆవిడదే. నాకంటే పెద్దది గనక, మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ణి. ఆవిడ కాలవ నీళ్ళు సీసాలో పట్టి తెచ్చి నా బల్ల మీద ఠక్కున పెట్టేది. అవి టీ డికాషన్ రంగులో ఉండేవి, పైన నురగ.

"ఏటి బాబూ ఇది? కసాయమా? ఇంటికట్టుకెళ్ళి మీ ఆవిడకియ్యి, దగ్గు తగ్గుతాది."

"రాసుకున్నానప్పా. పైకి పంపిస్తాను."

"పైకేటి? నీరు ఎప్పుడైనా పైకెక్కుతాదా? కిందకి, మా సేల్లోకే కదా వొస్తాది."

ఆవిడ వెళ్ళాక సారు సీసా వెలుగులో పెట్టి చూసి నిట్టూర్చేవాడు. ఆ సీసాలు కిటికీలో వరసగా పేరుకుపోయాయి. పారెయ్యడానికి మాకు మనసొప్పేది కాదు, పారేస్తే పోయేదీ ఆ కాలవలోకే.

రెండువేల సంవత్సరం దాటాక, ఉన్నట్టుండి ప్లాంటుకి మంజూరు వచ్చింది. అడిగినదాని కంటే పెద్ద ప్లాంటు. సారు ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళు కుదరనిది ఇప్పుడెలా కుదిరింది? నేను అందరినీ అడగడం మొదలుపెట్టాను. అకౌంట్స్ ఆయన, "ఏటి నుంచి తోడుకునే నీటికి రేపు పన్ను పెంచుతారు, ఇప్పుడే జాగ్రత్త పడుతున్నారు" అన్నాడు. యూనియన్ నాయకుడు, "కాలుష్యం బోర్డు వాళ్ళు తాళం వేస్తారని భయం" అన్నాడు. పక్క జిల్లాలో ఊళ్ళు తిరగబడి ఫ్యాక్టరీ గేట్లు మూయించడం చూసి బెదిరారని క్యాంటీన్‌లో చెప్పుకున్నారు. మా పెద్ద మేనేజరు మీటింగులో, "భావి తరాల పట్ల మన బాధ్యత" అని గొంతు బరువు చేసుకుని మాట్లాడాడు. ఆయన నిజంగానే అన్నట్టు నాకు అనిపించింది కూడాను. ఇంటికొచ్చి నాన్నకి చెబితే, "ఊరకరారు మహానుబావులు. ఎవడో పెద్ద గిరాకీ అడిగుంటాడు, సూసుకో" అన్నాడు.

ఎవరి మాట విన్నా అదే నిజమనిపించేది. రెండో మనిషి మాట వినేసరికి మొదటిది కొట్టుకుపోయేది.

ఎందుకు కట్టినా, ప్లాంటు మాత్రం బాగా పనిచేసింది. పెద్ద పెద్ద తొట్లలో గాలి కొట్టి, మడ్డి దింపి, వడగట్టి వదిలితే కాలవలో నీళ్ళ అడుగున రాళ్ళు కనబడ్డాయి. ఆఖరి తొట్టిలో చేపలు వదిలాం, వచ్చినవాళ్ళకి చూపించడానికి. చేపలు బతికాయి, బలిశాయి. సారు వాటికి రోజూ మరమరాలు వేసేవాడు. కాని పట్టి వండుకునే ధైర్యం సారుతో సహా ఎవరికీ లేకపోయింది. మేం శుభ్రం చేసిన నీళ్ళని మేమే అంతమాత్రం నమ్మాం.

అప్ప మాత్రం నమ్మింది. కాలవకి అడ్డంగా రాళ్ళు పేర్చి, మట్టి గట్టు వేసి, నీళ్ళు పొలంలోకి మళ్ళించింది. అంతకుముందు వానాకాలం ఒక్క పంటే. ఇప్పుడు ఎండాకాలంలో వంగ, బెండ, మిరప. కొండ వాలులో అన్ని పొలాలూ ఎండిపోయి ఉంటే ఆవిడది ఒక్కటే పచ్చగా కనబడేది. మొదటి కాపు బుట్ట తెచ్చి మా గదిలో పెట్టింది.

"తినండి బాబూ, బయపడకండి. మీ నీరే."

సారు వంకాయలు ఇంటికి పట్టుకెళ్ళాడు. చేపలు తిననివాడు వంకాయలు ఎలా తిన్నాడని నేను అడగలేదు. ఆ తర్వాత వాళ్ళావిడ కాలనీ సంతలో అప్ప దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా కూరలు కొనేది కాదు.

మా అదృష్టం అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కొన్నాళ్ళకి హెడ్డాఫీసు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఇకమీదట శుభ్రం చేసిన నీళ్ళు కూడా బయటికి పోకూడదు, చుక్క మిగలకుండా తిరిగి ఫ్యాక్టరీలోకే ఎక్కించాలి. మంచిదే కదా. ఏటి నుంచి తోడే నీళ్ళు తగ్గుతాయి, కాలవ గొడవ ఉండదు, పేరుకి పేరు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. కొత్త పంపులకి కొబ్బరికాయ కొట్టారు. నేనూ ఒక చెక్క తిన్నాను. ఆ పూట నాకు అప్ప పొలం గుర్తుకు రాలేదు, మా గదిలో ఎవరికీ రాలేదు. అన్నేళ్ళూ కాలవలోకి ఏమీ వదలొద్దని మొత్తుకున్నది ఆ పొలాలవాళ్ళే కదా. ఇక వాళ్ళకి కావలసిందేముంది అనుకున్నాం.

కాలవ ఆరిపోయిన కొద్దిరోజులకే అప్ప వచ్చింది. ఈసారి చేతిలో సీసా లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీరేది బాబూ?"

చెప్పాను. ఇకమీదట రాదని కూడా చెప్పాను.

"మురికి నీరు వొద్దన్నాం గాని, నీరే వొద్దన్నామేటి? మంచి నీరయినాక ఆపుతారా? వంగ పూత మీదున్నాది. ఈ తడి అందకపోతే సేనంతా మాడిపోద్ది. నాను ఏటి సెయ్యాల?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. సారు దగ్గరికెళ్ళాను. ఆయన "హఉ, హఉ" అని అంతా విన్నాడు. "ఆరే బాబు, చుక్క బయటికి పోతే, చుక్క పోదని మనకిచ్చిన సర్టిఫికెట్ పోతుంది. రూల్ అంటే రూలే" అన్నాడు. ఊళ్ళ సంక్షేమం చూసే సెక్షన్‌కి వెళ్ళాను. వాళ్ళ దగ్గర స్కూలు సంచులున్నాయి, కళ్ళద్దాల క్యాంపు ఉంది, నీళ్ళు మాత్రం వాళ్ళ పద్దులో లేవు. ఏరు ఎండుతోందని ఒకవైపు, చేను ఎండుతోందని మరోవైపు. ఏది న్యాయమో నాకు అర్థం కాలేదు. మేం చేసింది చెడ్డపని అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మంచిపని అంటే అప్ప ముఖం కనబడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒకావిడ తనిఖీకి వచ్చింది. ఎర్రగా, పొడుగ్గా, చక్కటి నవ్వు ముఖం. ఎండకి టోపీ పెట్టుకుని ప్రతి తొట్టి దగ్గరా ఆగి ప్రశ్నలడిగింది. చేపల తొట్టి చూపిస్తే, "వీటిని ఎవరు తింటారు?" అంది. మేనేజరు మా సారు వైపు చూశాడు, సారు నావైపు చూశాడు, నేను చేపల వైపు చూశాను. ఆవిడే నవ్వేసి ముందుకు నడిచింది.

చివరికి వెనక గేటు దాటి కాలవ చూస్తానంది. పెద్ద మేనేజరు హుషారుగా దారి తీశాడు. ఎండిపోయిన కాలవ చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అద్భుతం" అని ఫొటో తీసింది. అప్పుడే పక్క పొలంలో నుంచి అప్ప గట్టు మీదికి వచ్చింది. కొంగు నడుముకి బిగించి ఉంది, చేతిలో వాడిపోయిన వంగ మొక్క.

"ఈ అమ్మేనా పెద్దావిడ?" అని నన్ను అడిగింది. జవాబు కోసం ఆగకుండా ఆ తనిఖీ ఆవిడతోనే మాట్లాడింది. "అమ్మీ, ఆ ఎండిపోనాది పొటువు తీసుకున్నావు, ఇదీ తీసుకో. నీరు ఆపేసినారు. పది దినాలయితే ఇక్కడ కట్టెలే."

అక్కడ తెలుగు, ఇంగ్లీషు రెండూ సరిగ్గా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏమంటోందని మేడమ్ నన్ను అడిగింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "మొక్కలు ఇమ్మంటోంది" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని వంగ మొక్క నా ముక్కు ముందే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

మేడమ్ అయోమయంగా చూసింది. "మీ ఫ్యాక్టరీ వదిలిన నీళ్ళు కావాలని అడుగుతోందా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "ఈవిడకి పనికొచ్చే నీళ్ళని ఆపడం ఎందుకు?" అంది.

మేనేజరు పాపం నిజంగానే తెల్లబోయాడు. "మేడమ్, మీరే కదా అడిగారు. మీ ప్రశ్నల పత్రంలో ఉంది, చుక్క బయటికి పోతోందా అని."

"అది మా కస్టమర్లు మమ్మల్ని అడుగుతారు, అందుకని మేం మిమ్మల్ని అడుగుతాం" అంది ఆవిడ. అనేసి, ఆ మాట తనకే నచ్చనట్టు కాసేపు కాలవ వైపు చూసింది.

"ఏటంతంది ఆ అమ్మి?" అని అప్ప నన్ను మోచేత్తో పొడిచింది.

"మేం ఈవిడ కోసం చేశామట. ఈవిడ వాళ్ళ ఊళ్ళో కొనుక్కునేవాళ్ళ కోసం అడిగిందట."

"అలగా? అయితే నా కోసం ఎవులూ సెయ్యనేదన్నమాట" అంది అప్ప. కోపంగా అనలేదు. లెక్క తేలిందన్నట్టు అంది.

మేడమ్ అదీ చెప్పమంది. చెప్పాను. నా ఉద్యోగం ఆ గట్టు మీదే ఊడిందనుకున్నాను.

అప్పుడు మా సెక్షన్ సారు కిళ్ళీ పక్కకి ఉమ్మేసి ముందుకొచ్చాడు. రూల్ అంటే రూలే అన్న మనిషి. చెయ్యి చాచి అప్ప వంగ తోట చూపిస్తూ ఇంగ్లీషులో, "మేడమ్, ఇది మా గ్రీన్ బెల్టు" అన్నాడు. నాకు మతి పోయింది. గ్రీన్ బెల్టంటే ఫ్యాక్టరీ చుట్టూ పెంచే చెట్లు. వాటికి పెట్టిన నీళ్ళు బయటికి వదిలినట్టు లెక్క కాదు, వాడుకున్నట్టు లెక్క. "గట్ల మీద చెట్లు వేస్తాం. మధ్యలో ఈ ఆజ్ఞా కూరలు పండించుకుంటారు. పైపు రేపటి నుంచి" అన్నాడు సారు. ఒడియాలో ఆజ్ఞా అంటే పెద్దవాళ్ళని గౌరవించే మాట. ఆయన అప్పని అలా అనడం అదే మొదలు.

మేడమ్ తోట వైపు చూసింది. ఇంకా పచ్చగానే ఉంది మరి. "మంచి ఆలోచన" అంది. మేనేజరు వెంటనే, "అవును, అవును, చాలాకాలంగా అనుకుంటున్నదే" అన్నాడు.

మర్నాడే పైపు వేశారు. వంగ బతికింది. నా ఉద్యోగమూ బతికింది. గట్ల మీద కానుగ మొక్కలు నాటారు. పొలం మధ్యలో "హరిత వలయం" అని కంపెనీ పేరుతో బోర్డు పాతారు. అప్ప దానికి భర్త పాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మ చేసుకుంది. ఆ ఏడాది కంపెనీ నివేదికలో, బోర్డు మీది చొక్కా తీయించి, పక్కన ఆవిడని నిలబెట్టి తీసిన ఫొటో వేశారు.

సారు ఎందుకలా చేశాడు? ఆ సాయంత్రమే అడిగాను. "ఆ మేడమ్ చెడ్డగా రాస్తే ఆర్డర్లు పోవా?" అన్నాడు. ఇంకోసారి టీ తాగుతూ, "వంకాయలు లేకపోతే మా ఇంట్లో నన్ను బతకనివ్వరు" అన్నాడు. ఆయన రిటైరైన రోజున దండ మెళ్ళో ఉండగానే మళ్ళీ అడిగాను. "హఉ, హఉ" అని తలూపి, "నాకూ తెలీదు బాబు, నోట్లోంచి వచ్చేసింది" అన్నాడు. ఆ మూడింటిలో ఏది నిజమో నాకు ఈరోజుకీ తేలలేదు. మూడూ నిజం కావచ్చు.

నా రిటైర్మెంటు తర్వాత ఒకసారి అటు వెళ్ళాను. కొత్త మేనేజర్లు, కొత్త బోర్డులు. పైపులో నీళ్ళు బాగానే వస్తున్నాయి. కానుగలు తలెత్తాయి. అప్ప మాత్రం పొలం మూల కొత్త మట్టి గుట్ట పక్కన నిలబడి ఉంది. నుయ్యి తవ్విస్తోంది. లోపల మనుషులు రాయి కొడుతున్న చప్పుడు వినబడుతోంది. అక్కడ రాతి నేల, నుయ్యంటే మామూలు సంగతి కాదు. చెవులకి ఎప్పుడూ ఉండే కమ్మలు ఆవిడకి లేవు.

"నీళ్ళు ఆపేస్తామని ఎవరైనా అన్నారా అప్పా?"

"ఎవులూ అననేదు బాబూ. బాగానే ఇస్తన్నారు."

"మరెందుకీ కష్టం?"

"ఆ నీరు నాకెందుకు ఇస్తన్నారో నీకెరికేటి? అన్నేళ్ళు లోపలున్నావు కదా."

"నిజంగా తెలీదప్పా."

"నాకూ ఎరిక నేదు. ఎందుకిస్తన్నారో ఎరికయితే ఎప్పుడాపుతారో ఎరికవును. అది తెలీని నీరు నమ్ముకుని మొక్క ఎలగెట్టమంతావు?"

అని నూతిలోకి వంగి, తట్ట పంపమని కేకేసింది. నేను అక్కడే మట్టి గుట్ట మీద కూలబడ్డాను. ఎందుకో తెలీకపోయినా నా సర్వీసంతా గడిచిపోయింది, నెల జీతం నెలకొచ్చింది. ఆవిడకి అలా గడవదు.